నీళ్ళు కలిపిన ఇంకు

సిరంజి కావాలంటే మెడికల్ షాపాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎవరికమ్మా సూది?" అన్నాడు. "ప్రింటరుకు" అన్నాను. ఎకసెక్కాలాడుతున్నాననుకున్నాడో ఏమో, డాక్టరు చీటీ ఉంటే తెమ్మన్నాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "మిషన్లకు చీటీ రాసే డాక్టరు ఏడున్నడో జర మీరే చెప్పుండ్రి సార్, పోయి తెచ్చుకుంట" అన్నాను. పక్కన మాత్రల కోసం నిలబడ్డ పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. షాపాయన మూతి ముడుచుకుని, ఐదు మిల్లీలీటర్ల సిరంజీలు నాలుగు కాగితంలో చుట్టి నా ముందు పడేశాడు. అట్లా మొదలైంది మా ఇంట్లో ఇంకు నింపే పని.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. అప్పట్లో రైలుకట్టకు దగ్గరలో రెండు గదుల కిరాయి ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. మా ఆయన ఒక ప్రైవేటు బడిలో లెక్కల సారు. బీఈడీ చేసి, సర్కారు టీచరు పోస్టు కోసం ఏళ్ళకేళ్ళు చదువుతున్నాడు. మా అత్తమ్మ దేవరుప్పుల అవతలి పల్లె మనిషి. మామ పోయాక, కౌలుకిచ్చిన ఎకరం కూడా అమ్మేసుకుని మా దగ్గరికి వచ్చేసింది. ఇక నేను. డిగ్రీ రెండో ఏడు దాటలేదు కానీ తెలుగు టైపు గబగబా కొడతాను. ముందు గదిలో ఒక పాత కంప్యూటరు, ఒక ఇంక్‌జెట్ ప్రింటరు పెట్టుకుని ఫారాలు నింపడం, దరఖాస్తులు కొట్టడం, హాల్ టికెట్లు తీసివ్వడం చేసేదాన్ని. బోర్డు లేదు. కిటికీకి ఒక అట్ట కట్టాను, అంతే.

ప్రింటరు కొన్నప్పుడు మురిసిపోయాం. కార్ట్రిడ్జి అయిపోయినప్పుడు తెలిసింది అసలు సంగతి. నల్లదీ రంగులదీ రెండూ కొత్తవి కొనాలంటే ఇంకొంచెం వేసి ప్రింటరే కొనుక్కోవచ్చు. ఇదేం అన్యాయం అని హన్మకొండ దుకాణంలో గొంతెత్తి పోట్లాడాను. అక్కడ కుర్చీలో ఉన్నాయన నా మొహం చూసి జాలిపడ్డట్టు, "ఇంట్ల నింపుకోరాదమ్మా, అందరు గదే చేస్తున్నరు" అని నాలుగు ఇంకు బుడ్లు చేతిలో పెట్టాడు. ఎట్లా నింపాలో కూడా చెప్పాడు. కార్ట్రిడ్జి పైన అతికించిన కాగితం అంచు గోటితో లేపాలి. కింద చిన్న చిన్న రంధ్రాలుంటాయి. సూది మెల్లగా లోపలి స్పాంజి దాకా దింపి, ఊపిరి బిగబట్టి, చుక్కచుక్కగా ఒత్తాలి. తొందరపడితే కింది నుంచి కారిపోతుంది, లేదా ఒక రంగు పక్కదాంట్లో కలిసి ఫొటోలో మనిషి మొహం పచ్చగా వస్తుంది. మొదటిసారి మా ఆయన ఫొటో అట్లాగే వచ్చింది. "పచ్చకామెర్లయినట్టున్నడు నా కొడుకు" అని అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

మూడు నాలుగు సార్లకు చేయి తిరిగింది. నా గోళ్ళు ఎప్పుడూ నల్లగా, నీలంగా ఉండేవి. కల్లాపి చల్లి, ముగ్గేసి, అన్నం వండి, తర్వాత గుడ్డపేలిక పరుచుకుని సూదితో కూర్చునేదాన్ని. అత్తమ్మ ఎదురుగా పీట వేసుకుని చూసేది. సూది దించేటప్పుడు తనూ ఊపిరి బిగబట్టేది, పాపం. "బాలింతను పట్టినట్టు పడుతున్నవ్ గదనే దాన్ని" అనేది. కారిన ఇంకు తన కొంగుతోనే తుడవబోతే నేను కసిరేదాన్ని. అత్తాకోడళ్ళం అంటే ఊళ్ళో ఎట్లా ఉంటారో నాకు తెలుసు. మేం అట్లా లేం. నా నోరు మంచిది కాదు, ఆమెకు చెవులు కాస్త మందం. కాలం బాగానే గడిచింది.

ఆమెకు ఒక్కటే పట్టింపు. మా ముగ్గురిలో ఎవరి కాగితం గడప దాటాలన్నా దానికి పసుపు పెట్టాలి. పెండ్లి కార్డుకు పెట్టినట్టు నాలుగు మూలలా తడిపసుపు రాసి, పైన ఒక కుంకుమ బొట్టు పెట్టి, దేవుని గూట్లో కాసేపు ఉంచి ఇచ్చేది. రేషన్ కార్డు దరఖాస్తుకు పెట్టింది. మా ఆయన బీఈడీ మెమోకు పెట్టింది. ఆఖరికి నా ఓటరు కార్డుకు కూడా పెట్టింది. ఉత్త కాగితం బయటికి పోతే ఉత్త చేతులతో తిరిగొస్తారని ఆమె నమ్మకం. వద్దంటే వినదు. మేమూ వద్దనలేదు, ఎందుకనాలి, ఆమె పెట్టిన కాగితాల్లో ఒక్కటీ ఎన్నడూ పాడవలేదు. అవన్నీ కంపెనీ ఇంకుతో వచ్చినవి, బయట తీయించినవి. ఆ తేడా అప్పుడు నా బుర్రకెక్కలేదు.

నేను నింపే ఇంకు తడికి ఆగదని నాకు ఒక వానాకాలంలో తెలిసింది. బయ్యారం పక్క తండా నుంచి ఒకాయన, భార్యను వెంటబెట్టుకుని, కులం సర్టిఫికెట్ దరఖాస్తు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో అనుకుని, ఆమె కాగితం నా ముందు పరిచింది. దారిలో వాన పడిందట. అక్షరాలు కాటుక కారినట్టు కారి ఉన్నాయి. పేరు లేదు, ఊరు లేదు. "అమ్మా, గా ఆఫీసు సారు ఇసిరికొట్టిండు" అన్నాడు. నాకు తల కొట్టేసినంత పనైంది. ఇంకో కాగితం ఊరికే తీసిచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపాను. ఆనాటి నుంచి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేదాన్ని: తడి తగలనియ్యకుండ్రి, చెమట చేతులతో పట్టకుండ్రి అని. ఊరందరికీ చెప్పాను. మా ఇంట్లో చెప్పలేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పేదేముందనుకున్నాను.

అవి ఉద్యమం రోజులు. ఈవేళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి పట్టాల మీద కూర్చోవడం. బడులు తెరిచిన రోజుకన్నా మూసిన రోజులే ఎక్కువ. ప్రైవేటు బడి గనక, మూసిన రోజులకు మా ఆయనకు జీతం కోసేవాళ్ళు. ఆయనకు దాని మీద కోపం రాలేదు. పొద్దున్నే అంగీ వేసుకుని దీక్షా శిబిరానికి పోయేవాడు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నాలు వండితే నేనూ అత్తమ్మా కూడా పోయాం. అత్తమ్మ బగారన్నం గంటెతో కలుపుతూ, "తెలంగాణ వస్తె నా కొడుకు సర్కారు సారయితడు" అని పక్కామెకు చెప్పింది. మాకున్న లెక్క అంతే. కొలువు వస్తే ఇల్లు నిలబడుతుంది, రాకపోతే లేదు.

కానీ ఆ కొలువు పరీక్షే వాయిదా మీద వాయిదా పడింది. రాష్ట్రం వచ్చేదాకా పరీక్షలు పెట్టొద్దని శిబిరంలో మా ఆయనే నినాదం ఇచ్చేవాడు. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, వేళ్ళ మీద తన వయసు లెక్కపెట్టుకునేవాడు. ఒకరోజు నాతో అన్నాడు, "ఏమే, ఇంకొక్కసారి వెనుకకు జరిగితె నేను రాసేటందుకు పనికిరాను. వయసు దాటిపోతది. అందరితోని కలిసి వద్దని నేనే ఒర్రుతున్న, లోపల్నేమో పెట్టాలె దేవుడా అని మొక్కుతున్న. ఎంత దొంగ మనిషినో చూడు." పో, తిను పో అన్నాను. ఆ మనిషి దొంగ కాదు. ఆయన బాధను నేనెరుగుదును గనకే, అప్పుడు నాకంత కసిరే బుద్ధి పుట్టింది.

చివరికి తేదీ ఇచ్చారు. ఈసారి జరగదేమో అంటూనే హాల్ టికెట్లు కంప్యూటర్లో పెట్టారు. సెంటరు జనగామలో పడింది. సరిగ్గా ఆ వారమే మా ఇంట్లో నల్ల ఇంకు అడుగంటింది. ఎందుకంటే, అంతకు ముందే శిబిరం తరఫున ఇంటింటికీ పంచే కరపత్రాలు నాతోనే తీయించుకున్నారు. పైసలు తీసుకోలేదు, మన పనే కదా అనుకున్నాం. వందల కాగితాలకు బుడ్డి ఖాళీ అయింది. కొత్తది తెద్దామంటే హన్మకొండలో దుకాణాలు వరసగా బందు. ఆ దుకాణానికి రెండుసార్లు పోయి షట్టరు చూసి తిరిగొచ్చాను. ఇంకోవైపు మా ఆయనతో పాటు పరీక్ష రాసే పిల్లలు ఇంటి ముందు లైను కట్టారు. అక్కా, నాదొకటి, నాదొకటి అని.

అప్పుడు నేను చేసిన పని ఇది. కాచి చల్లార్చిన నీళ్ళు గిన్నెలో తీసుకుని, బుడ్డిలో మిగిలిన నల్ల ఇంకులో పోశాను. ఒకసారి కొంచెం పోసి చూశాను, బాగానే వచ్చింది. బాగానే వచ్చింది కదా అని ఇంకొంచెం పోశాను. నల్లది బూడిద రంగులోకి తిరిగితే దాంట్లో నీలం చుక్కలు కలిపాను. పలచటి పాలలో ఇంకో చెంబు నీళ్ళు పోసి అమ్మేవాళ్ళను నేను ఎన్ని తిట్లు తిట్టేదాన్నో! కాగితం మీద అక్షరాలు కనపడుతున్నాయి, ఫొటోలో మనిషి తెలుస్తున్నాడు, చాలదా అనుకున్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను కూడా. మిగతా పిల్లల కాగితాలన్నీ తీసిచ్చాక, అందరికంటే ఆఖరున, అందరికంటే పలచటి ఇంకుతో, మా ఆయన హాల్ టికెట్ తీశాను. ఇంకు దండగని ఒక్కటే కాపీ తీశాను.

శనివారం మధ్యాహ్నం అది. కాగితం ఆరాలని బల్ల మీద పెట్టి కూరగాయలకు పోయాను. వచ్చేసరికి హాల్ టికెట్ దేవుని గూట్లో ఉంది. నాలుగు మూలలా పసుపు, ఫొటో పైన బొట్టు, అన్నీ పచ్చిగానే ఉన్నాయి. అత్తమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. బయ్యారం ఆయన కాగితం కళ్ళ ముందు మెదిలింది. చెప్పాలనుకున్నాను. కానీ ఆమె మొహంలో ఆ వెలుగు చూసి నోరు రాలేదు. ఆరిపోతుందిలే అనుకున్నాను. మళ్ళీ తీద్దామంటే ఇంకు లేదు. మూలల్లోనే ఉంది కదా, అక్షరాల దాకా రాలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాయంత్రం దాన్ని మడిచి, తడి తగలకుండా అని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి దగ్గర టేపు వేశాను. ఉన్న తడిని లోపలే పెట్టి మూసేశానని నాకు తట్టలేదు.

ఆదివారం తెల్లవారుతూనే ప్యాసింజరు ఎక్కి ఆయనతో పాటు జనగామ పోయాను. ఆరోజు జనగామ బందు. పరీక్ష రాసేవాళ్ళను పోనిచ్చారు కానీ దుకాణం ఒక్కటీ తెరవనివ్వలేదు. తొమ్మిది గంటలకు సెంటరు గేటు ముందున్నాం. ఆయన కవరు టేపు చింపి కాగితం విప్పాడు. విప్పుతుంటే రెండు మడతలు అతుక్కుని చిరుగుతున్నట్టు చప్పుడైంది. ఫొటో లేదు. ఫొటో ఉన్నచోట పసుపూ కుంకుమా నీలమూ కలిసిన ఒక మరక ఉంది. నంబరు ఎదురు మడత మీద తిరగబడి అచ్చు దిగింది. గేటు దగ్గర కాగితాలు చూసే ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏందయ్యా గిది? పెండ్లి కార్డా?" అన్నాడు. వెనకాల ఉన్న పిల్లలు నవ్వారు.

మా ఆయన బతిమాలాడు. ఐడీ కార్డు చూపించాడు. నంబరు నోటికి చెప్పాడు. "ఫొటో కనబడాలె. టైమున్నది, పో, ఇంకోటి తెచ్చుకో" అన్నాడాయన. అంతవరకు ధర్మంగానే మాట్లాడాడు. మా ఆయన నా వైపు తిరిగి, "పసుపు ఎవరు పెట్టిన్రే?" అని అడిగాడు. ఎవరు పెడతారో ఆయనకు తెలియదా? "మీ అవ్వనే" అన్నాను. అని, నువ్వు ఇక్కడే ఉండు అని చెప్పి, పరుగందుకున్నాను.

జనగామ రోడ్ల మీద ఆ పొద్దు నేను పరిగెత్తినట్టు జన్మలో పరిగెత్తలేదు. బస్టాండు దగ్గర మూడు నెట్ సెంటర్లు, మూడింటికీ తాళాలు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని ఉరికాను. మాలాంటి వాళ్ళం దుకాణం వెనకాలే ఉంటామని నాకు తెలుసు గనక, సందులోకి పోయి ఒక షట్టరును పక్క నుంచి దబదబా బాదాను. ఒకతను తలుపు సందులోంచి చూశాడు. "అక్కా, తెరిస్తె పోరగాండ్లు అద్దాలు పగలగొడ్తరు" అన్నాడు. "నీ కాళ్ళు మొక్కుత అన్నా, నా పెనిమిటి బతుకు" అన్నాను. లోపలికి రానిచ్చాడు. కంప్యూటరు లేచేదాకా ఒక యుగం. పేజీ తెరుచుకోదు. తెరుచుకుంటే నంబరు తప్పంటుంది. తప్పు కొట్టింది నేనే. అంతలో కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేదాకా అక్కడే నిలబడి, తెలిసిన దేవుళ్ళందరినీ తిట్టాను.

ఆ చీకట్లో అతను నా చేతిలోని పాత కాగితం తీసుకుని, తలుపు సందు వెలుతురులో చూశాడు. బొటనవేలు నాలుకకు తాకించి, పసుపు లేనిచోట, కాగితం నడుమ ఉన్న ఒక అక్షరం మీద రుద్దాడు. అక్షరం పోయింది. "అక్కా, పసుపుది కాదు తప్పు. ఇంకుల నీళ్ళు గలిపిన్రు. మస్తు పలచగ గలిపిన్రు. మంచి ఇంకయితె నాలుగు బొట్లు పెట్టినా ఏం గాకపోతుండె. ఏడ తీయించిన్రు?" అన్నాడు. నా నోట్లోంచి తడుముకోకుండా మాట వచ్చింది. "మానుకోటల ఎవరో" అన్నాను. "అసొంటోళ్ళ చేతులిరగ" అని అతను తిట్టాడు. అవునన్నట్టు తలూపాను.

కరెంటు వచ్చింది, కాగితం వచ్చింది. నేను సెంటరు దగ్గరికి చేరేసరికి గేటు వేసి ఉంది. మా ఆయన బయట కమ్మీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపల కానిస్టేబులు, "తాళంచెవి సార్ల దగ్గరున్నదమ్మా, నా చేతుల లేదు" అని ఒకే మాట పదిసార్లు చెప్పాడు. నేను గేటును తన్నాను. ఏడ్చాను. శాపనార్థాలు పెట్టాను. మా ఆయన నా చేతిలోంచి కొత్త కాగితం తీసుకుని, బాగా వచ్చిందా లేదా అన్నట్టు చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పరీక్ష అయి అందరూ బయటికి వచ్చేదాకా అక్కడే గోడ నీడలో కూర్చున్నాడు. పోదాం పా అంటే కదలలేదు. బయటికొచ్చిన పిల్లల దగ్గర ప్రశ్నాపత్రం అడిగి తీసుకుని, అక్కడే మట్టిలో పుల్లతో లెక్కలు చేశాడు. అన్నీ వచ్చినవే.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. "మంచిగ రాసినవా కొడుకా?" అంది. ఆయన అప్పటిదాకా దాచుకున్నదంతా బయటపడింది. పెండ్లయిన ఇన్నేళ్ళలో తల్లి మీద ఆయన గొంతు లేవడం నేను వినలేదు. "నా నోట్ల మన్ను గొట్టినవ్ గదనే అవ్వా! నీ పసుపు పాడుగాను! ఎవరడిగిన్రే నిన్ను?" అని ఆ పాడైన కాగితం ఆమె కాళ్ళ ముందు విసిరేశాడు. ఆమెకు మొదట వినపడలేదు, మళ్ళీ చెప్పించుకుంది. ఆయన మళ్ళీ చెప్పాడు, ఇంకా గట్టిగా. ఆమె కిందికి వంగి కాగితం తీసుకుని, వెలుతురుకు పెట్టి చూసింది. "అన్ని కాగితాలకు పెట్టిన గద బిడ్డా. ఎన్నడు గిట్ల గాలే" అంది. నా వైపు చూసింది. కోడలికి ఈ మిషన్ల సంగతి తెలుసు, అదేమన్నా చెబుతుందేమో అన్నట్టు చూసింది. నేను చెప్పు తెగిన కాలు కడుక్కుంటున్నట్టు నటించాను.

అప్పుడే చెప్పి ఉంటే నాలుగు దెబ్బలతో పోయేది. ఆయన చేయెత్తే మనిషి కూడా కాదు. ఆ ఒక్క క్షణం దాటాక, రోజు గడిచినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఒక్కరోజు దాచినదానికి ఒక సాకు చెప్పొచ్చు. నెల దాచినదానికి ఏం చెప్తాం?

అత్తమ్మ ఆ తర్వాత ఏ కాగితాన్నీ ముట్టలేదు. ముందు గదిలోకే రావడం మానేసింది. నేను ఇంకు నింపుతుంటే ఎదురుగా కూర్చునే మనిషి, వెనక గదిలో గోడకు మొహం పెట్టి పడుకునేది. పోస్టు వస్తే, "నువ్వే తీసుకో బిడ్డా, నా చెయ్యి మంచిది గాదు" అనేది. ఎవరైనా పిల్ల పుస్తకానికి బొట్టు పెట్టమని వస్తే, చేతులు వెనక్కి పెట్టుకునేది. ఆ చేతులు చూసి కూడా చెప్పలేదు. ఆమెకు ఇంకో ముద్ద ఎక్కువ వడ్డించేదాన్ని, కాళ్ళకు నూనె రాసేదాన్ని. "నన్ను ఏమనకుంట చూసుకుంటున్నవ్ బిడ్డా, ఇంకోతయితె ఎల్లగొడుతుండె" అనేది. ఛీ, నా బతుకు!

మా ఆయనకు వయసు దాటింది. పుస్తకాలన్నీ మూట కట్టి అటక మీద పెట్టాడు. ప్రైవేటు బడి కూడా మానేసి భూపాలపల్లి పోయాడు. బొగ్గు పని చేసే ఒక కంట్రాక్టరు దగ్గర కూలోళ్ళ హాజరు రాసే పని. పదిహేను రోజులకొకసారి వచ్చి, ఒక పూట ఉండి, వెళ్ళిపోయేవాడు. తల్లితో మాట్లాడేవాడు, లేదనను. తిన్నవానే, మందులేసుకున్నవానే, అంతే. ఒకసారి నేను అక్కడికి పోయి ఆయన గది చూశాను. గోడల నిండా బొగ్గు దుమ్ము. ఒక మూల కూలీల పిల్ల ఎవరో ఎక్కాల పుస్తకం మరిచిపోయింది. "చెప్తున్నవా ఏంది పిల్లలకు?" అని అడిగాను. "ఒద్దే, చెప్పబుద్ధయితలేదు" అన్నాడు. ఆరోజు ఆ గదిలో చెబుదామనే పోయాను నేను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన అలిసిపోయి, నా పక్కన కూర్చుని, "అవ్వ ముసల్ది, ఏం దెలుస్తది. కాని మనసుల నుంచి పోతలేదే" అన్నాడు. అవ్వ మీద పోనిది, నా మీద పోతుందా? తిరుగు బస్సెక్కాను.

తెలంగాణ వచ్చింది. టీవీలో చెప్పగానే మానుకోట అంతా రోడ్ల మీదికి వచ్చింది. డప్పులు, పటాకులు, రంగులు. ఎదురింటివాళ్ళు లడ్డూలు తెచ్చి నోట్లో కుక్కారు. అత్తమ్మ చాలా నెలల తర్వాత ముందు గదిలోకి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి చూసింది. చూసి, నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మన రాజ్జెం వచ్చింది గద బిడ్డా. వయసు దాటినోళ్ళకు గూడ మళ్ళ రాయనిస్తరా?" ఇస్తారేమో అత్తమ్మా, అంటున్నారు అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇస్తె నాకు ముందుగాల చెప్పు. ఆ కాగితం ఇంట్లకు వచ్చే నాడు నేను మా చెల్లె తాన్కి పోత. పరీక్ష అయిందాంక రాను. నా గాలి గూడ సోకద్దు" అంది. బయట డప్పులు చెవులు పగిలేట్టు మోగుతున్నాయి. ఇంతకంటే మంచి సమయం రాదని నాకు తెలుసు. నేను, "అట్లనే పోదువు తీ అత్తమ్మా" అన్నాను.

ఆమె చెల్లెలింటికి పోవాల్సిన అవసరం పడలేదు. వానలు మొదలుకాకముందే జ్వరం వచ్చి, దవాఖానలో మూడు రోజులుండి పోయింది. మా ఆయన భూపాలపల్లి నుంచి వచ్చేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉంచాం. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా ఉన్నారు. ఆయన తల్లి తల ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ఆమె చెవి దగ్గరికి వంగి, మందమైన చెవికి వినపడాలన్నట్టు గట్టిగా అన్నాడు. "అవ్వా, నువ్వు దెలిసి చెయ్యలే. నాకెరుకనే. నాకేం కోపం లేదే, నిన్ను మాఫ్ చేసిన. పోయిరా అవ్వా."

వాకిట్లో అందరూ బావురుమన్నారు. ఎంత మంచి కొడుకు అన్నారు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. అందరితో పాటు ఏడ్చాను, నోరు మాత్రం విప్పలేదు.